పనివారికి పనిముట్లమ్మిన వనిత

చీర కొనబోవునప్పుడు మనము అంచు చూతుము, రంగు చూతుము, నేత నున్నదనమును వ్రేళ్లతో తడవి చూతుము. ఆ చీర నేసిన మగ్గమును చేసినదెవ్వరని యడుగు సోదరి యొక్కతెయు నుండదు. ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశమను నేతగాడొకడు కలడు. ఆసు పోయుటలో ఆతని తల్లి లక్ష్మి చేయి ఒక్క చీరకే కొన్ని వేల పర్యాయములు ఇటునటు కదలవలసియుండెను. భుజపు నొప్పితో ఆమె పడు బాధ చూడలేక ఆతడు ఏండ్ల తరబడి శ్రమించి 1999వ సంవత్సరమున ఆసు పోయు యంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము ఆతనికి పద్మశ్రీ నొసగెను. ఆ గౌరవము చీరకు గాక, చీర నేయువారి పనిముట్టునకు జరిగినది. ఇట్టి గౌరవములు అరుదు.

నేడు మనలో పెక్కిండ్ల కూతురో, కోడలో, మేనల్లుడో హైదరాబాదుననో అమెరికాలోనో కంప్యూటరు ముందు కూర్చుండి సాఫ్టువేరు వ్రాయుచున్నారు. వారు వ్రాయు ప్రోగ్రాము చీర వంటిదనుకొన్నచో, దానిని వ్రాయుటకు మగ్గము వంటి సామగ్రి వేరుగా కలదు. వ్రాసిన మాటలను యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చునది యొకటి. తప్పెచ్చట దొరలినదో వెదకి చూపునది యొకటి. పదిమంది వ్రాసినది ఒకరిదొకరు చెరుపుకొనకుండ భద్రపరచునది మరియొకటి. ఈ పనిముట్లనే చేసి అమ్ముకొను కంపెనీలు కలవు. వాని వ్యాపారము చిత్రమైనది. కంసాలికి సుత్తి యమ్మబోవువాని సంగతి ఆలోచింపుడు. కొనువాడే పనివాడు, సుత్తిలోని లోపము అమ్మువానికంటె ముందుగ వానికే తెలియును. నచ్చనిచో తానే యొకటి చేసికొనును. తోడివాడెవ్వడో యొకటి చేసి ఊరకయే యిచ్చినచో అమ్ముకొనువాని గతి యేమి? ఈ చిక్కు నెల్ల అనుభవించిన యొక విదుషి చరిత్రమును ఈ నెల మన సోదరీమణులకు చెప్పదలచితిని. ఆమె పేరు అడెల్ గోల్డుబర్గు.

ఈమె 1945లో అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున జన్మించి, చికాగోలో పెరిగెను. మిషిగన్ విశ్వవిద్యాలయమున గణితము చదివి 1967లో పట్టము పొందెను. 1973లో చికాగో విశ్వవిద్యాలయము వారి డాక్టరు పట్టమును గైకొనెను. కంప్యూటరు సాయముతో విద్య నేర్పుటెట్లు అను ప్రశ్నయే మొదటినుండియు ఆమె మనస్సు నాకర్షించినది. ఆమె తరువాతి జీవితమున యంత్రములు, కంపెనీలు, షేర్లు అన్నియు వచ్చినను అడుగున ఉపాధ్యాయినియే కనబడుచుండును. ఈ మాట జ్ఞాపకముంచుకొనిన ఆమె చేసినవి చాలవరకు బోధపడును.

1973లోనే ఆమె జిరాక్సు కంపెనీ వారి పరిశోధనాలయమున చేరెను. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున నుండుటచే దానిని పార్క్ అని పిలుచుచుండిరి. కాగితముపై నకళ్లు తీయు యంత్రములమ్మి ధనము గడించిన జిరాక్సు వారికి, ముందుముందు కార్యాలయములలో కాగితమే లేకపోయినచో తమ గతి యేమను భయము పట్టుకొనెను. ఆ భయమే పరిశోధనలకు డబ్బు పెట్టినది. అచ్చట ఆలన్ కే అను పండితుడు, పిల్లలు పుస్తకమువలె చంకనిడుకొని పోదగిన కంప్యూటరు కావలయునని కలలు కనుచుండెను. ఆ కలకు తగిన భాషయే స్మాల్‌టాక్. దానిని యంత్రముపై నడిపించినవాడు డాన్ ఇంగాల్సు. అది మనుష్యులకు వచ్చునా రాదా అని పరీక్షించి, నేర్పి, గ్రంథస్థము చేసినది మన గోల్డుబర్గు.

పాలో ఆల్టోలోని మాధ్యమిక పాఠశాల పిల్లలను పిలిపించి ఆమె నేర్పిన తీరు ముచ్చటైనది. తెరపై ఒక చతురస్రపు పెట్టె. దాని పేరు జో. "జో, తిరుగుము" అని వ్రాసిన తిరుగును. "జో, పెరుగుము" అనిన పెరుగును. జో వంటిదే జిల్ అను మరియొక పెట్టెను పుట్టింపవచ్చును. జో తిరిగినంత మాత్రమున జిల్ తిరుగదు. ఎవరి కొలత, ఎవరి చోటు వారివి. ఈ పెట్టెలతో మొదలుపెట్టిన పన్నెండేండ్ల బాలబాలికలు కొలది దినములకు తామే బొమ్మలు గీయు ప్రోగ్రాములు వ్రాసిరి. ఇందులోని సూక్ష్మము ఇంటి యిల్లాలికి తెలియనిది కాదు. వంటమనిషితో "పదిమందికి అన్నము వండుము" అందుమే గాని, పొయ్యి యెట్లు రాజవేయవలెనో, ఎసరెంత పెట్టవలెనో చెప్పము. ఆ సంగతి ఆమె యెరుగును. అట్లే ప్రోగ్రామును పెద్ద యాజ్ఞల జాబితాగా గాక, తమ తమ పనులెరిగిన చిన్న చిన్న వ్యక్తుల కుటుంబముగా కట్టుటయే స్మాల్‌టాక్ పద్ధతి. ఇప్పటి ప్రోగ్రామర్లు ఆ వ్యక్తులను ఆబ్జెక్టులందురు.

భాష యొక్కటియే గాదు. దానితో పనిచేయు గదియంతయు వారు కట్టిరి. ఒకదానిపై నొకటి పరచిన కిటికీలు, చేతిలో మౌసు, కోరినపుడు విచ్చుకొను పట్టికలు, ఇవియన్నియు ఆ తెరపై నుండెను. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. ఆ కాలమున ప్రోగ్రాము వ్రాయుట యనగా వంట ముగించి, వడ్డించి, ఉప్పు చాలలేదని తెలిసిన పిమ్మట సర్వమును పారబోసి తిరిగి పొయ్యి వెలిగించుట వంటిది. స్మాల్‌టాక్ గదిలో పులుసు ఉడుకుచుండగనే రుచి చూచి, ఉప్పు వేసి, మరల చూడవచ్చును. నడచుచున్న ప్రోగ్రామును నిలిపి, విప్పి, సరిచేసి, నిలిచినచోటినుండియే నడిపింపవచ్చును. నేటి ప్రోగ్రామర్లు చాలవరకు ఇది సామాన్యమనుకొందురు. 1970ల నాటి పనివారికి ఇది గంధర్వలోకము.

ఇక 1979 డిసెంబరు నెల కథ. ఆపిల్ అను చిన్న కంపెనీలో జిరాక్సు వారు పది లక్షల డాలర్లిచ్చి లక్ష షేర్లు కొనిరి. ఆ పొత్తులో భాగముగ ఆపిల్ యజమాని స్టీవ్ జాబ్సు తన మనుష్యులతో పార్క్ ప్రయోగశాలను చూడవచ్చెను. స్మాల్‌టాక్ చూపుమనిరి. గోల్డుబర్గు ఒప్పుకొనలేదు. సొంత వంటయింటిని పరులకప్పగించుటయే యని వాదించెను; పైయధికారులు ఆజ్ఞ యిచ్చిన గాని చూపనని నిలిచెను. ఆజ్ఞ వచ్చినది, చూపినది. తరువాత 1983లో ఆపిల్ వారి లీసా, 1984లో మాకింటాషు కంప్యూటర్లు కిటికీలతోను మౌసుతోను లోకమునకు దిగెను. లీసా పని అంతకు ముందే యారంభమైనదన్న మాట నిజమే. ఆపిల్ వారు తమ తెలివిని గూడ చాల చేర్చిరి. అయినను ఆ దినము వారి కన్నులు తెరచుకొన్నవనుటలో సందేహము లేదు. జిరాక్సు వారో, అదే విద్యతో 1981లో స్టార్ అను యంత్రమును పదునారువేల డాలర్లకు పైబడిన వెలకు అమ్మజూచి చేతులు కాల్చుకొనిరి.

ఈ ఘట్టమును చెప్పువారు సాధారణముగ గోల్డుబర్గును లోభిగా, జాబ్సును దూరదర్శిగా చిత్రింతురు. ఇది అన్యాయమని నా యభిప్రాయము. ఆమె విద్యను దాచుకొనలేదు. 1981 ఆగస్టులో బైట్ అను మాసపత్రిక సంచిక నంతటిని స్మాల్‌టాక్ వ్యాసములతో నింపిరి; పంజరములేని పక్షివలె ఎగురు రంగురంగుల గాలిగుమ్మటము ఆ సంచిక ముఖచిత్రము. ఆపిల్, డిజిటల్, హ్యూలెట్ పకార్డు, టెక్ట్రానిక్సు అను నాలుగు కంపెనీలకు ఆ భాషను తమ యంత్రములపై నడిపి చూడుమని లైసెన్సులిచ్చిరి. 1983లో డేవిడ్ రాబ్సనుతో కలిసి ఆమె దాని లోగుట్టునంతయు బృహద్గ్రంథముగ ప్రకటించెను. ఆమె యభ్యంతరమెల్ల ఇచ్చుటను గూర్చి గాదు. ఎవరికి, ఏ నిబంధనలతో ఇత్తుమన్నది చేసినవారిని అడుగకయే నిర్ణయించుటను గూర్చి. తాను వండినది తానే వడ్డింతునను గృహిణిని లోభియందుమా?

1984 మొదలు 1986 వరకు ఆమె కంప్యూటరు విద్వాంసుల మహాసభయైన ఏ.సి.ఎం.కు అధ్యక్షురాలుగ నుండెను. 1987లో ఆ సభవారే కే, ఇంగాల్సు, గోల్డుబర్గు ముగ్గురిని స్మాల్‌టాక్ నిమిత్తము సత్కరించిరి. సత్కారములచే పనిముట్టు పనివాని చేతికి చేరదు. టెలిఫోను మ్రోగినప్పుడు బదులు చెప్పువారుండవలయును, ప్రతి కొత్త యంత్రముపైనను సరిగా నడచునట్లు చేయువారుండవలయును, నేర్పువారుండవలయును. పరిశోధనాలయము ఈ పనులు చేయదు. కావున 1988లో, జిరాక్సు వారిని గూడ వాటాదారులుగ నుంచి, ఆమె పార్క్‌ప్లేస్ సిస్టమ్సు అను కంపెనీని స్థాపించి దానికి అధిపతియయ్యెను.

వారి సరకు పేరు మొదట ఆబ్జెక్ట్‌వర్క్సు, తరువాత విజువల్‌వర్క్సు. ఒకచోట వ్రాసిన ప్రోగ్రాము మార్పులేకయే సన్ వారి యంత్రముపైనను, మాకింటాషుపైనను, సామాన్యపు పీసీపైనను నడచుట దాని ఘనత. నడుమ నొక దుబాసిని కూర్చుండబెట్టి, యంత్రమెద్దియైనను ఆతడే చూచుకొనునట్లు చేయుట ఈ విద్య. దుబాసి యున్నచోట ఆలస్యము తప్పదు గదా; ఆ యాలస్యమును తగ్గించు ఉపాయమును పీటర్ డాయిట్షు, ఆలన్ షిఫ్మన్ అనువారు 1984లోనే ప్రకటించియుండిరి. డాయిట్షు ఈ కంపెనీకి ముఖ్య శాస్త్రజ్ఞుడయ్యెను.

కొనినవారిలో పెద్ద బ్యాంకులుండెను. జె.పి. మోర్గన్ వారు తమ లావాదేవీలలోని నష్టభయమును లెక్కకట్టు కాపిటల్ అను మహావ్యవస్థను ఈ సామగ్రితోనే కట్టిరి. క్రైస్లరు మోటారు కంపెనీ వారి జీతముల లెక్కలు వ్రాయుటకు కూడ స్మాల్‌టాక్‌నే యెన్నుకొనిరి. ఆ పనిలోనే కెంట్ బెక్ అను ప్రోగ్రామరు, ఇద్దరేసి కలిసి వ్రాయుట, పరీక్షను ముందే వ్రాసికొనుట మున్నగు నియమములు గల యొక క్రొత్త పద్ధతిని దిద్ది తీర్చెను. ఇల్లినాయి విశ్వవిద్యాలయపు విద్యార్థులిద్దరు, వ్రాసిన ప్రోగ్రాము అర్థము చెడకుండ దాని కూర్పును మాత్రము సర్దిపెట్టు పనిముట్టును మొదట ఈ గదిలోనే చేసిరి. ఇల్లు ఊడ్చి, గిన్నెలు మార్చి సర్దినను వంట రుచి మారకుండ చూచుట యన్నమాట. ఇప్పుడది లేని పనిముట్టుల పెట్టె లేదు.

పార్క్‌ప్లేస్ వారు పనిముట్టుతోపాటు శిక్షణము నమ్ముకొనిరి. ఆలోచించు విధమే క్రొత్తదగుటచే నేర్పక తప్పదు. కెన్నెత్ రూబిన్‌తో కలిసి గోల్డుబర్గు 1995లో ప్రకటించిన గ్రంథము సయితము, ఈ పద్ధతిని కంపెనీలు తమ పనివారిలో నెట్లు ప్రవేశపెట్టవలెనో బోధించునదియే. ఇచ్చట బలమును బలహీనతయు నొక్కచోటనే యుండెను. ధనికులైన కొనుబడిదారులు, వారికి బోధించుటకు గురువులు, దానికి తగిన వెల. ఇక చిన్నవాని మాట? 1983లోనే బోర్లాండు అను కంపెనీ వారు టర్బో పాస్కల్ అను పనిముట్టును యాభై డాలర్లకు ఐదు సెంట్లు తక్కువగా నిర్ణయించి పత్రికలలో ప్రకటనవేసి టపాలో పంపసాగిరి. విద్యార్థులు తమ చేతిఖర్చుతో కొనిరి. నేడు పదవులందున్న ప్రోగ్రామర్లలో చాలమందికి అదియే అక్షరాభ్యాసము. స్మాల్‌టాక్‌లోనే డిజిటాక్ అను పోటీ కంపెనీ తక్కువ వెలకు ఒక చిన్నరకమును పీసీలకు అమ్ముచుండెను. పార్క్‌ప్లేస్ సరకు అట్టి చేతులకు అందలేదు. కంపెనీలో కొన్న పనిముట్టుపై గౌరవముండును. పదునారవయేట సొంతడబ్బుతో కొన్నదానిపై మమకారముండును. వ్యాపారమున రెండవదే నిలుచును.

1994లో కంపెనీ షేర్లు విపణికెక్కెను. 1995లో పార్క్‌ప్లేస్, డిజిటాక్ ఏకమయ్యెను. కోడళ్లిద్దరు వేరుపోయినపుడు కష్టము తెలియునందురు గాని, రెండు కాపురములు ఒక్కయింట చేరినపుడు గూడ తెలియును. రెండు సరకులు, రెండు విధములకు అలవాటుపడిన కొనుబడిదారులు. రెంటిని ఒక్కటి చేయుట మాటలలోనే మిగిలెను. ఐ.బి.యం. మహాకంపెనీ తన సొంత స్మాల్‌టాక్‌తో మరియొక ప్రక్కనుండి వచ్చెను.

సరిగా ఆ 1995లోనే సన్ కంపెనీ వారు జావా అను భాషను ప్రకటించిరి. ఒకచోట వ్రాసినది ఎల్లయెడల నడచును, నడుమ దుబాసి కలడు, ఆబ్జెక్టులు కలవు. గోల్డుబర్గు బృందము ఇరువదియేండ్లుగ చెప్పినదానిలో చాలభాగము అందులోనున్నది. వెల మాత్రము లేదు. సన్ వారు అమ్ముకొనునవి యంత్రములు. భాష వారికి విందుకు పిలుచు బొట్టు వంటిది. పార్క్‌ప్లేస్ వారికో భాషయే విందు. బొట్టుపెట్టి పిలుచువాడు ఊరకనే యీయగలడు, భోజనమమ్ముకొని బ్రదుకువాడు ఈయగలడా? కొనుబడిదారులు ఒకరివెంట నొకరు తరలిపోయిరి. 1997లో కంపెనీ పేరు ఆబ్జెక్ట్‌షేర్ అని మార్చుకొనెను. 1999లో విజువల్‌వర్క్సు సిన్సినాటి నగరపు సింకమ్ కంపెనీ వారి చేతికి పోయెను. అప్పటికి గోల్డుబర్గు అచ్చట లేదు.

ఆమె 1979లో చూపనన్న ఆపిల్ గృహమునకు తరువాత లైసెన్సుపై స్మాల్‌టాక్ చేరినదని చెప్పితిని గదా. ఆ ప్రతినుండియే 1996లో కే, ఇంగాల్సు, వారి మిత్రులు స్క్వీక్ అను స్మాల్‌టాక్‌ను తీర్చి లోకమునకు వెలలేకుండ విడిచిరి. స్మాల్‌టాక్ పనిముట్లు చేయుటలో ఆరితేరిన అట్టావా నగరపు యొక చిన్న కంపెనీని ఐ.బి.యం. వారు 1996లో కొని, ఆ పనివారిచేతనే ఎక్లిప్సు అను జావా పనిముట్టును చేయించి, నాలుగు కోట్ల డాలర్ల విలువగలదని చెప్పుచు 2001లో ఊరకనే పంచిపెట్టిరి. పనిముట్లమ్ముకొను పెక్కు కంపెనీల పొయ్యిలో పిల్లి లేవకుండ పోయినది అప్పుడే.

అయినచో ఈ వ్యాపారమున అమ్ముకొని బ్రదుకుట అసాధ్యమా? కాదు. 2000వ సంవత్సరమున ప్రాగ్ నగరమున ముగ్గురు రష్యను ప్రోగ్రామర్లు జెట్‌బ్రెయిన్సు అను కంపెనీ పెట్టిరి. పెట్టుబడిదారుల సొమ్ము ముట్టలేదు. మరుసటి యేడు వారి ముఖ్యమైన పనిముట్టు వెలువడిన కొలది నెలలకే ఎక్లిప్సు ఉచితముగ వచ్చి యెదుట నిలిచెను. వారు బెదరక, ఒక్కొక్క పనివానికి దినమున పది నిమిషములు మిగిల్చినచో వాడు సొంత డబ్బైనను ఇచ్చునను నమ్మకముతో సరకును సానబట్టుచు పోయిరి. 2009లో తామే యొక ఉచితపు రకమును విడుదల చేసి, పూర్తిరకమునకు వెల నిలుపుకొనిరి. 2015లో వెలను ఏటేట చందాగ మార్పబోగా కొనుబడిదారులు తిరుగబడిరి. కంపెనీ వారు వారి మాట విని నిబంధన సవరించుకొనిరి. కంసాలితో బేరము అట్లే యుండును. మరియొక త్రోవ గిట్‌హబ్ వారిది. ఎల్లరి ప్రోగ్రాములను తమయింట భద్రపరచి, బహిరంగముగ వ్రాయువారి వద్ద పైకము పుచ్చుకొనక, కంపెనీల వద్ద పుచ్చుకొనిరి. మన హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల అధిపతిగ నున్న మైక్రోసాఫ్టు 2018లో దానిని 750 కోట్ల డాలర్ల విలువగల షేర్లకు కొనెను. ఆ మైక్రోసాఫ్టు 1975లో పుట్టినది గూడ ప్రోగ్రామర్ల పనిముట్టైన బేసిక్ భాషను అమ్ముకొనియే యని మన పిల్లలలో ఎందరికి తెలియును?

ఉచితమన్నచోట ఎవరో యొకరు వెల చెల్లించుచునే యుందురు. యంత్రములమ్ముకొనువాడో, సేవలమ్ముకొనువాడో, పెద్ద కొనుబడిదారుడో. పార్క్‌ప్లేస్ వారికి అట్టి వేరు పొలము లేకపోయెను. ఉన్న యొక్క పొలమునే, మంచి పంటయని, ఎత్తైన కంచెతో కాపాడుకొనిరి.

2022లో కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర వస్తుప్రదర్శనశాల వారు గోల్డుబర్గును, ఇంగాల్సును తమ గౌరవ సభ్యులుగ చేర్చుకొనిరి. ఆ స్క్వీక్‌నే ఆధారముగ చేసికొని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము వారు పిల్లలకొరకు స్క్రాచ్ అను ప్రోగ్రాముల యాటను నిర్మించి 2007లో లోకమున కిచ్చిరి. తరువాతి రకములను వేరు భాషలలో తిరుగ వ్రాసినను ఆటతీరు మారలేదు. తెరపై నొక పిల్లి యుండును. తిరుగుమన్న తిరుగును, పెరుగుమన్న పెరుగును. మన దేశమున గూడ చాల పాఠశాలలలో దీనిని నేర్పుచున్నారు. యింట కంప్యూటరున్న తల్లులు ఎనిమిదేండ్లు నిండిన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక సాయంకాలము తామును ప్రయత్నింపవచ్చును. దానికి వెల లేదు.